తలకిందుల గది

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరినీ తికమకపెట్టిన మనిషి మా చిన్నమ్మ, అంటే మా అమ్మ చెల్లెలు. హైదరాబాదులో బొమ్మలు గీయడం చదువుకొని, పెళ్లయి కాపురానికి వెళ్లిన ఆమె, ఒకనాడు రంగుల పెట్టె పట్టుకొని తొర్రూరులో మా ఇంటి ముందు దిగింది. ఎందుకు వచ్చిందో చెప్పలేదు. ఎప్పుడు వెళ్తుందో అసలే చెప్పలేదు. మా నాయిన కిరాణా దుకాణానికి బెల్లం కోసం వచ్చినవాళ్లు కూడా బేరం మరిచి, మీ చిన్నమ్మ పోతదా ఉంటదా అని నన్నే అడిగేవారు. ఏం చెప్పాలో తెలియక నేను పరేషాన్ అయ్యేదాన్ని. ఉండిపోతే బాగుండునని మాత్రం లోపల గట్టిగా ఉండేది. ఆ ఇంట్లో నాతో తీరిగ్గా మాట్లాడేది ఆమె ఒక్కతే.

ఆ ఎండాకాలం సెలవుల్లో నాకు నూనె రంగులు నేర్పుతానంది. ఏదో విదేశీ పుస్తకంలోని కాగితాన్ని తలకిందులుగా గోడకు అంటించి, చూసి అట్టమీద దించమంది. అదేం బొమ్మ అంటే చెప్పలేదు.

"పేరు తెలిస్తే నీ కన్ను చూసుడు బందు జేస్తది. రంగులే చూడు," అంది.

నాకు తలా తోకా తెలియలేదు. తెల్లగా ఉందనుకున్న చోటికి దగ్గరగా వెళితే నీలం కనిపించేది, నీలంలో కాస్త గులాబీ. అవిసె నూనె వాసనకు మా నాయినమ్మ ముక్కు మూసుకొని, గీ పోరిని సుత ఖరాబ్ జేస్తున్నవని గొణిగేది. అద్దిన రంగు మర్నాటికీ ఆరక నా గౌనుకు, తలుపుకు, చివరికి దుకాణంలో తరాజుకు కూడా అంటుకుంది. ఆ నీలి తరాజుతోనే నాయిన బెల్లం తూచి ఇచ్చేవాడు, అదొక వింత.

బొమ్మ పూర్తయ్యాక ఒక మధ్యాహ్నం చిన్నమ్మ గోడమీది కాగితాన్నీ నా అట్టనూ తిప్పి సరిగ్గా నిలబెట్టింది. ఇన్నాళ్లూ నేను అద్దిన మచ్చలన్నీ కలిసి ఒక గది అయ్యాయి. కిటికీ, పరదా, బల్ల, బల్ల దగ్గర కూర్చున్న ఒక ఆడమనిషి. కానీ ఆమెకు ముఖం లేదు, కళ్లుండాల్సిన చోట గోధుమరంగు మసక. అసలు బొమ్మలోనూ అంతే. పాపం అనిపించి కుంచె అందుకొని కళ్లు, ముక్కు, ఎర్రటి నవ్వు పెట్టాను. చిన్నమ్మ ఆపలేదు.

పెట్టాక చూస్తే గది గదిలాగే ఉంది, ఆమె మాత్రం జాతరలో అమ్మే బొమ్మలా తయారైంది. నాకు ఏడుపొచ్చింది.

"ఆమె నవ్వుతున్నదని నీకెట్ల తెల్సు?" అని అడిగింది చిన్నమ్మ.

"తెల్వది. మరి ఏడుస్తున్నదా?"

"నాకు సుత తెల్వది బిడ్డా."

గుడ్డతో మెల్లగా తుడిచింది. ఆరని రంగు కదా, నవ్వు ఒక్క తుడుపుకే పోయింది. మిగిలిన మసకలో ఆ మనిషి మళ్లీ తన గదిలో తాను కూర్చుంది. ఊరంతా నన్ను అడిగిన మాట అప్పుడు నా నోటి నుంచి వచ్చేసింది.

"నువ్వు పోతవా చిన్నమ్మా, ఉంటవా?"

ఆమె ఆ గుడ్డను మడిచి రంగుల పెట్టెలో పెట్టింది. తర్వాత, అది సుత నాకు తెల్వది అంది. పెద్దవాళ్లు తమకు తెలియదని చెప్పడం నేను వినడం అదే మొదలు. భయం వేయాల్సింది, వేయలేదు. ఎందుకో ఆమెకు ఇంకాస్త దగ్గరగా జరిగి కూర్చున్నాను. మర్నాడు దుకాణంలో ఎవరో అడిగితే, తెల్వదని చెప్పి బెల్లం పొట్లం చేతిలో పెట్టాను.

వానలు పడ్డాక చిన్నమ్మ వెళ్లింది. మళ్లీ వచ్చింది, ఈసారి ఉండిపోయింది. ఎందుకు వెళ్లిందో ఎందుకు వచ్చిందో చివరిదాకా చెప్పలేదు, నాకూ ఇప్పటికీ అర్థం కాలేదు. ఆమె కన్నుమూసి చాలా ఏళ్లయింది.

మొన్న మా మనవరాలు ఆమె ఫొటో చూసి, ఈ అవ్వ సంతోషంగా బతికిందా అని అడిగింది. ఒక నవ్వు పెట్టి చెబితే దానికీ బాగుండేది, నాకూ బాగుండేది.

"తెల్వది బిడ్డా," అన్నాను.