గేటు పిల్లర్‌ను చూసి బిగించిన స్కోప్

మొన్న ఆదివారం ఒక స్కోప్ నా నోటికాడి కాంట్రాక్ట్‌ను ఎట్లా లాగేసిందో వినండి. ముందు టీ తాగండి, చల్లారిపోతుంది.

నాది శంషాబాద్‌లో ఇండ్లు కట్టించే పని, మీకు తెలిసిందే. మా మామకు కొత్తూరులో ప్లాటు ఉంది, ఇల్లు కట్టాలనుకుంటున్నాడు. పెద్దల్లుడిని, పైగా కాంట్రాక్టర్‌ని, ఆ పని నాకు కాక ఎవరికొస్తుంది అనుకున్నా. మధ్యలో శ్రీకాంత్ తయారయ్యాడు. నా సడ్డకుడు, అంటే మా ఆవిడ చెల్లెలి మొగుడు. ఎయిర్‌పోర్ట్‌లో ఉద్యోగం. "నేను తెలిసిన ఇంజినీర్‌ను మాట్లాడుత మామా" అన్నాడట.

వాడంటే నాకు కుళ్ళు. మీ దగ్గర దాచడం ఎందుకు? మామ ఇంట్లో మటన్ వండితే నల్లి బొక్క వాడి ప్లేట్లోకే పోతుంది. ఈ మధ్య ఎయిర్ రైఫిల్ కొని షూటింగ్ రేంజ్‌కి పోతున్నాడు. "చిన్నల్లుని గురి చూడాలె" అని మామ కనపడ్డ వాళ్ళందరికీ చెప్తున్నాడు. నేనూ అదే రైఫిల్ కొన్నా. పైన బిగించే స్కోప్, అదే గురి చూసే దుర్భిణి, మాత్రం వాడిదానికంటే పెద్దది. ఆదివారం మామను రేంజ్‌కి తీసుకుపోయి నా గురి చూపించి, అట్నుంచి అటే కొత్తూరు పోయి పునాదికి ముగ్గు పోయించాలని ప్లాన్.

శనివారం సాయంత్రం శ్రీకాంత్ ఫోన్ చేశాడు.

"అన్నా, స్కోప్ బిగించే ముందు ఎదురుంగ దారానికి బరువు కట్టి వేలాడదియ్యి. లోపల నిలువు గీత ఉంటది గద, దాన్ని ఆ దారానికి కలుపు. లేకుంటే రేపు గురి సెట్ చేసేటప్పుడు పరేషాన్ అయితవ్."

గోడలు లేపే నాకు దారం గురించి పాఠం చెప్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఖాళీ రైఫిల్‌ను డైనింగ్ టేబుల్ మీద పెట్టి, మట్టం చూసుకుని, వాకిలి తలుపు తెరిచా. ఎదురుగా మా గేటు పిల్లర్ కనపడింది.

"దారం కట్టమన్నడు గద" అంది మా ఆవిడ.

"నా పిల్లర్ ఉండంగ దారం ఎందుకే" అన్నా. స్కోప్ లోపలి గీతను పిల్లర్ అంచుకు కలిపి, స్క్రూలు బిగించేశా. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

పొద్దున్నే మామను తీసుకుని రేంజ్‌కి పోతే, శ్రీకాంత్ అప్పటికే అక్కడున్నాడు. పడుకుని స్కోప్‌లో చూస్తే టార్గెట్ బోర్డు పక్కకి ఒరిగి ఉంది. పక్క లేన్‌లో బోర్డు కూడా అంతే. దాని పక్కది కూడా. శ్రీకాంత్ తెగ పొగిడే రేంజ్ ఇదేనా అని నాకు లోపల ఎంత సంతోషమో.

"ఏంది సార్, బోర్డులన్ని వంకర పెట్టిన్రు?" అని కోచ్‌ను గట్టిగానే అడిగా, మామకు వినపడాలి కదా. పైగా "నాది కాంట్రాక్టర్ కన్ను" అని కూడా అన్నా.

ఆయన బోర్డులను చూశాడు, నన్ను చూశాడు. పక్క లేన్‌కి పోయాడు.

కాల్చడం మొదలుపెట్టా. దెబ్బ కింద పడుతోంది. స్కోప్ మర పైకి తిప్పితే పైకి పోతోంది గానీ, అడగకుండానే పక్కకి కూడా జరుగుతోంది. పక్కకి సర్దితే ఎత్తు మారుతోంది. పక్కన శ్రీకాంత్ టార్గెట్ పేపర్‌కి నడుమ ఒకటే బొక్క. నా పేపర్ దోమతెరలా తయారైంది.

శ్రీకాంత్ తన రైఫిల్ బ్యాగు తాళాన్ని దారానికి కట్టి బోర్డు మీద వేలాడదీశాడు. దారం, బోర్డు అంచు అతికినట్టు కలిశాయి. తర్వాత నా స్కోప్‌లో చూశాడు.

"బోర్డు సక్కగనే ఉంది అన్నా. నీ గీతనే ఒరిగింది. దేనికి కలిపినవ్?"

స్క్రూ లూజ్ అయిందంటే పోయేది. కానీ వాడు అడగడం, పక్కన మామ నిలబడి వినడం. పౌరుషం ఆగలేదు.

"దేనికో ఎందుకు కలుపుత? నేను దగ్గరుండి నిలబెట్టిన గేటు పిల్లర్‌కి."

శ్రీకాంత్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. మామ బోర్డు దగ్గరికి పోయాడు. ఆ దారం విప్పి, తాళంతో సహా జేబులో వేసుకున్నాడు. నా కారెక్కాక కొత్తూరు అనలేదు.

"ఇగ మీ ఇంటికే పోనియ్యి" అన్నాడు.

గేటు దగ్గర దిగి, పిల్లర్ పై అంచు నుంచి దారం వదిలాడు. పైన ఆనుకున్న దారానికీ కింద పిల్లర్‌కీ మధ్య బెత్తెడు సందు.

"భూమి కుంగిందేమో బాపూ" అంది మా ఆవిడ, పాపం.

"కుంగింది బిడ్డా" అని మామ నా వైపు తిరిగాడు. "కొత్తూరు పని చిన్నల్లుడు చూసుకుంటడు. నువ్వు గృహప్రవేశం రోజు వంటోళ్ళను చూడు."

స్కోప్ విప్పి మళ్ళీ బిగించమని శ్రీకాంత్ రోజూ ఫోన్ చేస్తున్నాడు. నేను ముట్టుకోలేదు. శంషాబాద్ మొత్తంలో నా పిల్లర్ నిటారుగా కనపడేది ఆ ఒక్క స్కోప్‌లోనే.