తల్లి లేని తోకకప్పలు

మా అమ్మాయికి బడిలో ఒక ప్రాజెక్టు ఇచ్చారు. ఒక ఉభయచరాన్నీ, పిల్లని పొట్టసంచిలో పెంచే ఒక జంతువునీ పోలుస్తూ చార్టు వేయాలి. కప్పనీ, ఆస్ట్రేలియా చెట్ల మీదుండే కోలానీ ఎంచుకుంది. మా సీతాఫల్‌మండిలో కోలా ఎక్కడ దొరుకుతుంది గానీ, వానలు పడ్డాక మా వెనక సందులోని సిమెంటు తొట్టి నిండా తోకకప్పలే.

డిగ్రీలో జువాలజీ చదివినదాన్ని, నా నోరు ఆగుతుందా! కోలా పిల్ల పుట్టినప్పుడు చిక్కుడు గింజంతే ఉంటుందనీ, కళ్ళు తెరవకుండానే తల్లి బొచ్చు పట్టుకుని పాకి సంచిలో దూరుతుందనీ, నెలల తరబడి అక్కడే పాలు తాగుతుందనీ చెప్పుకుపోయాను. చిక్కుళ్ళు ఒలుస్తున్న మా అత్తగారు చేతిలో గింజని ఎగాదిగా చూసింది.

“మరి కప్ప?”

“గుడ్లు పెట్టి తన దారిన పోతుంది అత్తయ్యా.”

“అయ్యో! గదేం తల్లే!”

చార్టులో చివరి గడి, ఏది అంతరించిపోయేలా ఉందన్నది. అడవులు తరిగి కోలాకి ముప్పొచ్చింది. కప్పల్లోనూ ఎన్నో జాతులు ప్రమాదంలో ఉన్నాయి, మన గోదురుకప్పకి మాత్రం ప్రస్తుతానికి భయం లేదు. అలాగే రాయించాను.

“భయం లేదని ఎవరు జెప్పిన్రు? కప్పనడిగిన్రా?” అందావిడ. నాకు నవ్వొచ్చింది.

ఆనాటి నుంచి తొట్టి ఆవిడ సొంతమైపోయింది. దోమల మందు వాళ్ళొస్తే అడ్డం నిలబడి, “జెర ఆగుండ్రి, పిల్లలున్నయి” అని పంపేసింది. వెనక కాళ్ళు మొలిచాయని పక్కింటివాళ్ళని పిలిచి చూపించింది. ముందు కాళ్ళు కూడా వచ్చి అవి గట్టెక్కితే చాలని మా అత్తాకోడళ్ళిద్దరికీ ఒకటే ఆత్రం.

ఒక పొద్దున చూస్తే తోకకప్పలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ముందురోజు, పచ్చబడిన వాననీళ్ళు పారబోసి, రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్ళు, మేము తాగడానికి పట్టుకునే మొదటి బిందెలు, ఆవిడ తొట్టిలో పోసింది.

“తల్లి లేనియి, మురికిల ఎందుకుండాలని మంచిగున్న నీళ్ళే పోసిన గదనే!” అని కళ్ళు తుడుచుకుంటూ తొట్టి పక్కన కూర్చుంది.

నాకూ ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని చెప్పాను. నల్లా నీళ్ళలో క్లోరిన్ కలుపుతారు. తోకకప్పలు మొప్పలతోనూ చర్మంతోనూ ఊపిరి తీసుకుంటాయి కనుక నీళ్ళలో ఏం కలిసినా నేరుగా ఒంట్లోకి పోతుంది. కోలా పిల్లకి చుట్టూ తల్లి ఒళ్ళు ఉంటుంది, వీటికి ఉన్నది ఆ నీళ్ళే.

వంటింట్లో మా అమ్మాయి బడికి వెళ్తూ బిందెలోంచి సీసా నింపుకుంటోంది. ఆవిడ అటే చూస్తూ అడిగింది.

“మరి గా నీళ్ళే గద, మన పిల్ల సుత తాగుతున్నది?”