రివ్యూ చెప్పిన గొంతుతో పెళ్లిచూపులకు

ఆ రోజుల్లో సినిమా విడుదలంటే నాకు జ్వరం వచ్చినట్టుండేది. టీజర్ ఎప్పుడొస్తుంది, పాట ఎవరు పాడారు, ఫలానా హీరో గడ్డం ఎందుకు పెంచుతున్నాడు, ఇవన్నీ ఊళ్లో అందరికంటే ముందు నాకు తెలియకపోతే అన్నం సహించేది కాదు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కూర్చుని లారీలకు బిల్లులు కొట్టడం నా ఉద్యోగం. అసలు వృత్తి మాత్రం యూట్యూబ్‌లో సినిమా కబుర్లు చెప్పడం. మధ్యాహ్నం అందరూ అన్నాలకు వెళ్లినప్పుడు ఖాళీ గోనెసంచుల గోదాములో దూరి ఫోన్ ముందు మాట్లాడేవాణ్ణి. సంచుల మధ్య గొంతు ప్రతిధ్వనించదు (దుమ్ముకు తుమ్ములొస్తాయి, అది వేరే సంగతి). ముఖం చూపించేవాణ్ణి కాదు. "నీ మొహం సూపిస్తే ఉన్న నలుగురు గూడ పోతరు" అని మా అమ్మ ముందే చెప్పింది. అందుకని గొంతు ఒక్కటే వినిపించేవాణ్ణి. మిల్లు చప్పుడుకు పోటీగా అరిచీ అరిచీ గట్టిపడ్డ గొంతు అది. ఒకసారి విన్నవాడు మరిచిపోడు. అదే నా గర్వం, అదే నా కొంప ముంచింది.

ఒక పెద్ద హీరో సినిమా వచ్చింది. మొదటి ఆట చూసి, కడుపు మండి, తిన్నగా గోదాముకు వచ్చి రివ్యూ చెప్పాను. "ఇంటర్వెల్లో తిన్న సమోసాలో ఉన్న ట్విస్టు కూడా సెకండాఫ్‌లో లేదు. హీరోగారు డాన్సు చేస్తుంటే, చూస్తున్న మా తాతకు మోకాళ్లు నొప్పి పుట్టాయి" అన్నాను. మామూలుగా నా వీడియోలు మా మిల్లు హమాలీలు, మా చెల్లెలి స్నేహితురాళ్లు తప్ప ఎవరూ చూసేవారు కాదు. ఇది మాత్రం ఎట్లా పాకిందో, హుజూర్‌నగర్ దాటి కోదాడ దాకా పోయింది. కింద తిట్లే తిట్లు. "దమ్ముంటే ముఖం చూపించరా" అని సవాళ్లు. నాకేమో పండగలా ఉంది. తిట్టించుకోవాలన్నా ఒక స్థాయి ఉండాలి కదా!

సరిగ్గా ఆ వారంలోనే మా చిన్నాయన కోదాడ సంబంధం తెచ్చాడు. అమ్మాయి బీఈడీ చేసింది, వాళ్ల నాన్నకు ఎరువుల దుకాణం, మంచి కుటుంబం. ఫోటో చూసిన క్షణం నుంచి నేను పెళ్లికి సిద్ధంగానే ఉన్నాను. బయలుదేరే ముందు అమ్మ నా చొక్కా కాలరు సరిచేస్తూ, "గాడికి పోయి సినిమా ముచ్చట దీసినవనుకో, నీ ఫోను తీస్కపోయి బర్రె కుడితిల ఏస్త. సూడు మల్ల" అని హెచ్చరించింది. అమ్మ అన్నంత పనీ చేస్తుంది. బుద్ధిమంతుడిలా తలూపాను.

కోదాడలో వాళ్ల హాల్లో కూర్చున్నాం. మంచినీళ్లు ఇచ్చారు. గ్లాసు ఎత్తి తాగుతూ ఎదురు గోడ చూశాను. గోడంత ఫోటో. అందులో ఆ పెద్ద హీరో నవ్వుతున్నాడు. ఆయన మెడలో గజమాల వేస్తున్నది మరెవరో కాదు, ఇప్పుడు నా ఎదుట కుర్చీలో కూర్చున్న అమ్మాయి తండ్రి! (అప్పటికి ఆయనకు ఒత్తుగా జుట్టుండేది.) కింద పెద్ద అక్షరాలతో "కోదాడ పట్టణ అభిమాన సంఘం అధ్యక్షులు" అని రాసి ఉంది. గ్లాసు మెల్లగా కింద పెట్టేశాను.

"ఏం బాబూ, ప్రయాణం బాగా జరిగిందా?" అని ఆయన ఆప్యాయంగా అడిగాడు.

"బాగానే జరిగిందండీ" అన్నాను. అంటే, నేను అనలేదు. నాలోంచి ఏదో పిల్లికూన అన్నది. అంత సన్నటి గొంతు నాకుందని నాకే తెలియదు. అమ్మ ఉలిక్కిపడి నా వైపు చూసింది. "ఏమైందిరా, గొంతుల ఏమన్న అడ్డంబడ్డదా?" అన్నాడు చిన్నాయన. జలుబేమో పాపమని వాళ్లే అనుకుని మిరియాల కషాయం కాచి తెచ్చారు. అది తాగుతుండగా ఎదుటి కుర్చీలోని పెద్దాయన మొదలుపెట్టాడు.

"మీ ఊళ్లో ఎవడో ఉన్నాడండీ, యూట్యూబ్‌లో కూస్తాడు. మా హీరో సినిమాని నోటికొచ్చినట్టు అన్నాడు. వెనకాల మిల్లు చప్పుడు వినపడుద్ది. ఏ మిల్లో కనుక్కుందామనే చూస్తున్నా."

"మావోడు గూడ మిల్లులనే జేస్తడు గదా" అన్నాడు చిన్నాయన అమాయకంగా. "ఏందిరా, వాడు నీకెరుకనా?"

కషాయం ముక్కులోకి పోయింది. తల అడ్డంగా ఊపాను.

ఇంతలో అమ్మాయి నాతో మాట్లాడతానన్నదని పెరట్లోకి పంపించారు. ఆమె నన్ను కాసేపు చూసి, "ఒక మాట అడగొచ్చా? జలుబైతే పర్లేదు. మీ గొంతు ఎప్పుడూ ఇంతేనా? ఇంతే అయితే నేను కొంచెం ఆలోచించుకోవాలి" అంది. చాలా మర్యాదగానే అంది. నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక హాలు. మాట్లాడితే తండ్రి చేతిలో పోతాను, మాట్లాడకపోతే ఈ అమ్మాయే పోతుంది. ఆమె కళ్లు చూశాను. ఇక ఏమైతే అయిందనుకున్నాను.

"జలుబు కాదండీ, భయం!" అన్నాను. అంతసేపూ నొక్కిపెట్టిన గొంతు కదా, మిల్లు సైరన్‌లా వచ్చింది.

హాల్లో గ్లాసు కిందపడ్డ శబ్దం. వెంటనే "అదే! అదే గొంతు!" అన్న కేక. ఆ వెనకే ఆయన పెరట్లోకి వచ్చాడు, ఆయన వెనక మా అమ్మ, చిన్నాయన.

"మోకాళ్ల నొప్పులన్నది నువ్వేనా?"

"నేనేనండీ. కానీ నొప్పులు మా తాతకండీ, హీరోగారికి కాదు."

అమ్మాయి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇగ ఖతం" అని అమ్మ గోడకు ఆనుకుంది. పెద్దాయన నన్ను పైకీ కిందికీ చూసి తీర్పు చెప్పాడు. "నువ్వు సినిమా సరిగ్గా చూసుండవు. సూర్యాపేటలో ఇంకా ఆడతా ఉంది. ఆదివారం నాతో కూర్చుని చూడు. ఆ తర్వాతే పెళ్లి మాట." (కోదాడలో ఎందుకు ఆడటం లేదో నేను అడగలేదు. అంత తెలివి ఉంది.)

ఆదివారం సూర్యాపేటలో మ్యాట్నీకి వెళ్లాం. హాల్లో మనుషులకంటే కుర్చీలే ఎక్కువ కనిపించాయి. హీరో తెరమీదికి రాగానే ఆయన సంచిలోంచి కాగితపు ముక్కలు తీసి ఎగరేసి ఈల వేశాడు. యాభై దాటిన మనిషి! నేనూ తప్పక చప్పట్లు కొట్టాను. ఇంటర్వెల్ అయింది. సెకండాఫ్ మొదలైన కాసేపటికి నా భుజం బరువెక్కింది. చూస్తే పెద్దాయన తల. నోరు తెరుచుకుని గురక. తెరమీద కార్లు గాల్లోకి లేస్తున్నాయి, ఈయన కదలడం లేదు. లేపితే చిన్నబోతాడు, లేపకపోతే క్లైమాక్స్ పోయిందని మండిపడతాడు. భుజం తిమ్మిరెక్కినా అలాగే బిగపట్టుకుని కూర్చున్నాను. లైట్లు వెలగగానే ఆయన దిగ్గున లేచి చప్పట్లు కొట్టాడు.

"చూశావా! ఎట్లా ఉంది క్లైమాక్స్?"

"రెండోసారి చూస్తే బాగుందండీ" అన్నాను. జీవితంలో నేను ఇచ్చిన అతి చిన్న రివ్యూ అది.

బస్టాండు దగ్గర టీ తాగుతూ ఆయన అటూ ఇటూ చూశాడు. నాకు దగ్గరగా జరిగి గొంతు తగ్గించి, "సెకండాఫ్ కొంచెం సాగదీశాడు కదూ?" అన్నాడు.

"కొంచెమేనండీ."

"బయట అనమాక. ఇంటి మాట ఇంట్లోనే ఉండాలి" అన్నాడు. ఎవరింటి మాట అని అడగాల్సిన అవసరం నాకు రాలేదు. ఆ టీ ఎంత తియ్యగా ఉందో ఇప్పటికీ చెప్పగలను.

పెళ్లయింది, పని పెరిగింది, ఛానెల్ దానంతట అదే మూలపడింది. మొన్న ఏదో వెతుకుతుంటే ఆనాటి వీడియో ఒకటి దొరికింది. ఇప్పుడు నేను టికెట్టు కొని వెళ్లినా సగం సినిమా ఫోన్ చూసుకుంటూ గడిపేస్తాను, బాగుందో లేదో బయటికొచ్చేసరికే మరిచిపోతాను. ఒక సినిమా సెకండాఫ్ బాగోలేదని, తన ఆస్తి ఎవరో కాజేసినంత ఆవేశంగా అరుస్తున్నాడు వీడియోలోని ఆ కుర్రాడు. నవ్వొచ్చింది. కానీ వీడియో మధ్యలో ఆపబుద్ధి కాలేదు. చివరి తుమ్ము దాకా విన్నాను.