జింకలకు తెచ్చిన పుచ్చకాయ

2023 ఎండాకాలం. ఎల్బీనగర్ దాటాక విజయవాడ రోడ్డు పక్కనున్న జింకల పార్కులో నేను వాచర్‌ని. అంటే కంచె వెంట తిరగడం, అడవి చూడాలని సిటీ నుంచి వచ్చేవాళ్లను వెంటబెట్టుకుని నడిపించడం, జంతువుల తొట్లలో నీళ్లు చూసుకోవడం. నలభై దాటాక అక్షరాలు నేర్చినవాణ్ణి. ‘జంతువులకు ఆహారం పెట్టరాదు’ అని గేటు దగ్గరున్న బోర్డే నేను సొంతంగా చదివిన మొదటి వాక్యం. అందుకే దాని మీద నాకు పట్టింపు ఎక్కువ.

ఒక ఉదయం, దిల్‌సుఖ్‌నగర్‌లో షేర్ ఆటో నడిపే అతనొకడు తల్లిని తీసుకొని వచ్చాడు. ఆమె చేతిలో గిన్నె, గిన్నెలో పుచ్చకాయ ముక్కలు. గేటు దగ్గరే ఆపాను.

“బోర్డు నాకు గూడ చదవొస్తది కాకా. జర మా అమ్మ చెప్పేది ఇను,” అన్నాడు కొడుకు.

“మా ఇంటాయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ల హమాలి అన్నా,” అంది తల్లి. “మిగిలిన తర్బూజ ముక్కలు తెచ్చి గీ కంచె మీదికెల్లి జింకలకు ఏసేటోడు. మార్కెట్ ఆడికెల్లి పోయినంక గదీ బందైంది. పోయిన నెల పానం పోయేముందు గూడ జింకలనే యాది చేసిండు. మూడోనాడు పిట్టకు పెడితే ముట్టలే. ఎంతసేపు సూసినా రాలే. ఆఖరికి ఆవుకు పెట్టినం. ఆయన ఆకలితోనే పోయిండని నాకు ముద్ద దిగుతలేదు.”

మా దిక్కు, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి పిట్టకు, అంటే కాకికి పెడతారు. కాకి ముట్టకపోతే ఆ మనిషికి కోరిక మిగిలిపోయిందని అర్థం. భర్తకు మిగిలిన కోరికగా ఆమెకు తెలిసింది ఈ జింకలకు పండు పెట్టడమొక్కటే.

నాకు మెత్తగా మాట్లాడడం రాదు. “నీ పెనిమిటి మంచోడే చెల్లె. చేసిన పని మాత్రం మంచిది కాదు. పండు రుచి మరిగిన జింక కంచె ఇడిసిపెట్టదు. సందు దొరికితే రోడ్డెక్కుతది. లారీ కింద పడ్డదాన్ని ఈ చేతులతోనే ఎత్తిన,” అన్నాను.

“ఒక్క ముక్కకు రోడ్డెక్కుతయా?” కొడుకు గొంతు పెంచాడు. “సచ్చినోన్ని గూడ తిడ్తున్నవేంది కాకా?”

“తిడ్తలేను. సచ్చినోని పేరు మీద ఇంకోటి సావొద్దంటున్న.”

ఆమె గిన్నె మీద కొంగు కప్పి వెనక్కి తిరిగింది. ఏడ్వలేదు. ఏడిస్తే నాకు తేలికగా ఉండేది. అలా పంపేస్తే ఇంటికెళ్లి కూడా తినదని తెలుస్తూనే ఉంది.

“ఆగు చెల్లె. తిండి పెట్టుడే కావాల్నా? నీళ్లు తాపితే కాదా?”

మా దగ్గర సాసర్ పిట్‌లుంటాయి. నేలకు సమానంగా, పళ్లెంలా లోతు తక్కువగా కట్టిన సిమెంటు తొట్లు. పిల్ల జింక జారిపడినా నడిచి బయటికి రాగలదు. ఎండాకాలం వాటిని మేమే నింపాలి. ఆ రోజు ఒక తొట్టి అడుగంటి ఉంది. పైసారుకు ఫోన్ చేసి అడిగితే, “నువ్వు పక్కనే ఉండు” అని ఒప్పుకున్నాడు. పుచ్చకాయ గిన్నె మాత్రం గేటు దగ్గరే పెట్టించాను.

డ్రమ్ములో బిందె ముంచి ఆమే పోసింది. కొడుకు పట్టుకోబోతే మోచేత్తో నెట్టింది. తొట్టి నిండాక ముగ్గురం దూరంగా పొదల వెనక కూర్చున్నాం. చప్పుడు చేయొద్దని చెప్పింది నేను, ముందు దగ్గిందీ నేనే.

జింకల కంటే ముందు రెండు కాకులు వచ్చాయి. తొట్టి అంచున వాలి, ముక్కు ముంచి, మెడ ఎత్తి తాగాయి. ఆమె కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. “అచ్చిండు రా,” అంది. ఆ తర్వాత కృష్ణజింక ఒకటి, దాని వెనక పిల్లతో ఆడజింక వచ్చి తలలు వంచాయి.

తొట్టి నింపితే కాకులు రోజూ వస్తాయి. మనసులో ఉన్నది మొహం మీదే అనే నేను ఆ మాట మాత్రం అనలేదు.

గేటు దగ్గరికొచ్చాక ఆమె గిన్నె తీసి మా ఇద్దరికీ ముక్కలు పెట్టింది. తనూ ఒకటి తిన్నది. కొడుకు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ఈ మాట ఆ నోటా ఈ నోటా పాకి, ఇప్పుడు ఎండాకాలం వస్తే, పోయినవాళ్ల పేరు మీద తొట్టి నింపడానికి కుటుంబాలు వస్తున్నాయి. పైసారు వాళ్లను నా దగ్గరికే పంపుతాడు. వద్దని చెప్పడానికి బోర్డు ఉంది. వద్దన్నాక ఆ మనిషి ఏం చేయొచ్చో చెప్పడం నా పని అని ఆమె వల్లే తెలిసింది. ఆ పని నాకంటే బాగా చేసేవాడు ఈ పార్కులో లేడు.