అత్త మెడలో బిరడా

మా మేనత్త పోయిన కబురు మీలో కొందరికి వాట్సాప్‌లో అందే ఉంటుంది. "ప్రభువునందు నిద్రించారు" అని రాసి, కింద తెల్ల పావురం బొమ్మ పెట్టి పంపారు. పంపినవాళ్లది మంచి మనసే, కానీ ఆ మాట నాకు నచ్చలేదు. తెల్లారకముందే లేచి తిరుమలగిరిలో ఇంటి వాకిట్లో పడవ తుడుచుకునే మనిషిని పట్టుకుని నిద్రించింది అంటే ఎలా? మా అత్త చనిపోయింది. వానలు మొదలైన వారంలో, ఆసుపత్రి మంచం మీద, "కిటికీ తియ్యమ్మా, గాలి ఎటు కొడ్తుందో చూస్త" అని నర్సుతో కొట్లాడి మరీ పోయింది.

అవును, పడవే. సముద్రం ఊసే లేని సికింద్రాబాదులో మా అత్తకు సొంత పడవ ఉండేది. తెరచాపతో నడిచే చిన్న ఫైబరు పడవ. దాన్ని రెండు చక్రాల ట్రైలరు మీద ఎక్కించి, ట్రైలరును తన పాత జీపుకు తగిలించి, ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే హుస్సేన్‌సాగర్‌కు లాక్కుపోయేది. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఆగితే ఆటోవాళ్లు తలలు బయటపెట్టేవాళ్లు.

"ఏంది మేడమ్, వరదలొస్తున్నయా?"

"వస్తయి. అప్పుడు నిన్ను సుత నేనే ఎక్కించుకోవాలె. జెర మర్యాదగా మాట్లాడు."

అత్త ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకు ఒక్కొక్కరికీ ఒక్కో కారణం చెప్పి, వాళ్లు ఒకచోట కలిసి పోల్చుకుంటే చూసి ఆనందించేది. పడవ నడపడం మిలిటరీలో పనిచేసే ఎవరో స్నేహితురాలి భర్త దగ్గర నేర్చుకుంది. నేర్చుకున్నది తనతో ఆగిపోకూడదని బడి పిల్లలకు నేర్పింది. చదువైపోయి, ఉద్యోగాలొచ్చి, పిల్లల తల్లులయ్యాక కూడా ఆదివారాలు వదలనివాళ్లు ఇద్దరు మిగిలారు, షాహీన్, మంజుల. వాళ్లతోపాటు మేనకోడలిని నేను.

ఆమె మొదటిసారి ఒంటరిగా పడవ దింపిన రోజు సంగతి మాకు ఆమే చెప్పేది. చీరకొంగు నడుములో దోపి, జీపును వెనక్కి నడుపుతూ ట్రైలరును వాలు మీదుగా నీళ్లలోకి దింపిందట. గట్టు మీద మగవాళ్లు చేతులు కట్టుకుని వరసగా నిలబడి చూస్తున్నారట. ఆ గాభరాలో బిరడా పెట్టడం మర్చిపోయింది.

బిరడా సంగతి తెలియనివాళ్లకు చెప్పాలి. ఇలా ట్రైలరు మీద తిరిగే పడవకు వెనకవైపు అడుగున రూపాయి బిళ్లంత కన్నం ఉంటుంది. ఒడ్డు మీద ఉన్నప్పుడు దాన్ని తెరిచే ఉంచాలి. లేకపోతే వాన నీళ్లు నిలిచి పడవ కాస్తా తొట్టి అవుతుంది, దోమలు కాపురం పెడతాయి. నీళ్లలోకి దింపే ముందు మాత్రం రబ్బరు బిరడాతో గట్టిగా బిగించాలి. పని ఇంతే. ఇంత చిన్న పని గనకే అందరూ మర్చిపోతారు.

పడవ దర్జాగా కొంచెం దూరం పోయింది, తర్వాత మెల్లగా వెనక్కి కూలబడింది. గట్టు మీద చప్పట్లు. "టీచరమ్మా, పడవకు స్నానం చేపిస్తున్నవా?" అని ఒకాయన అరిచాడు. నడుముల్లోతు నీళ్లలో, ఆ చెరువు కంపులో నిలబడి అత్త ఆయన్నే పిలిచింది.

"చప్పట్లు ఆపి ఆ తాడు పట్టు అన్నా. చేతులు ఖాళీగనే ఉన్నయి గదా."

పట్టాడట. తడి చీరతోనే జీపు నడుపుకుంటూ ఇంటికి వచ్చి, మళ్లీ ఆదివారం అదే చోటికి, అదే జనం ముందుకు పడవను తీసుకుపోయింది. సిగ్గనిపించలేదా అత్తా అని నేను అడిగాను. "మస్తు అనిపిచ్చింది. ఇంట్ల కూసుంటే తగ్గుతదా?" అంది.

ఆ రెండో ఆదివారం నుంచి బిరడా ఆమె మెడలోకి వచ్చింది. నల్ల రబ్బరు బిరడాకు నైలాను తాడు కట్టి గొలుసులా వేసుకునేది. పడవ ఒడ్డు మీద ఉన్నంతసేపూ అది మెడలోనే ఉండాలి. మోండా మార్కెట్‌లో టమాటాలు బేరం చేస్తున్నా, చర్చిలో పాట పాడుతున్నా, పెళ్లి విందులో పట్టుచీర మీదైనా సరే. ఇదేం నగమ్మా అని ఎవరైనా అడిగితే ముఖం సీరియస్‌గా పెట్టి, "గిది లేకుంటే మునుగుతం" అని చెప్పేది. అడిగినవాళ్లు అదేదో మొక్కు కాబోలు అనుకుని ఊరుకునేవాళ్లు. ఇంకొకటి కొని జీపులో పడేసుకోవచ్చు కదా అని మంజుల సలహా ఇస్తే ఒప్పుకోలేదు. "రెండోది ఉన్నదంటే మొదటిది యాడ పెట్టినవో నీకు యాదికుండదు" అంది.

రేవు దగ్గర ఆమె పద్ధతి ఒకటి ఉండేది. ట్రైలరు చక్రాలు తడవకముందే జీపు ఆగాలి. అందరం దిగాలి. అత్త "ఏదీ?" అని అడుగుతుంది. బిరడా బిగించిన మనిషి "పెట్టిన మిస్" అని నోటితో చెబితే చెల్లదు. వంగి, కన్నం మీద వేలు పెట్టి చూపించాలి. అప్పుడు మిగతావాళ్లు కూడా ఒక్కొక్కరే వంగి వేలు పెట్టాలి. అయ్యాకే చక్రాలు నీళ్లలోకి. వెనక ఎవరు హారన్ కొట్టినా, ఎవరు నవ్వినా, వాన మొదలైనా ఈ తంతు ఆగేది కాదు.

"ప్రతిసారీ ఇదే పంచాయితీనా మిస్?" అని మంజుల ఒకసారి విసుక్కుంది.

"ప్రతిసారీ నీళ్లు గవే గదా బిడ్డా" అంది అత్త.

ఇంకొక సంగతి చెప్పకపోతే ఈ నాలుగు ముక్కలు రాసి లాభం లేదు. మా అమ్మ పోయినప్పుడు ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ నన్ను ఏడవద్దన్నారు. ఏడిస్తే విశ్వాసం లేనట్టు అన్నారు. నేను నిజంగానే బిగపట్టుకుని కూర్చున్నాను. సమాధి కార్యక్రమం అయిన సాయంత్రం అత్త నన్ను తన వాకిట్లోకి తీసుకుపోయింది. ఎండాకాలం చివర పడే గాలివాన పడి వెలిసింది. పడవ వెనక కన్నంలోంచి వాన నీళ్లు సన్నటి ధారగా కారుతున్నాయి. ఇద్దరం ట్రైలరు చక్రం పక్కన కూర్చున్నాం.

"ఒడ్డు మీద ఉన్నప్పుడు కారనియ్యాలెనే" అంది. "ఆపితే లోపల నిలుస్తయి. నిలిస్తే కంపు కొడ్తది. నీళ్లల్ల దిగే దినం నేనే జెప్తగా, అప్పుడు బిగించుకుందువు."

ఆ ధార ఆగేదాకా ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది, అంతే. తర్వాత లేచి ఇద్దరికీ ఆమ్లెట్లు వేసింది.

అందుకే అత్త పోయిన రోజున మళ్లీ అవే మాటలు అన్నప్పుడు నేను వినలేదు. "ఏడవకమ్మా, ఆమె మంచి స్థలానికి పోయింది" అని ఒక పెద్దావిడ నా గడ్డం పట్టుకుంది. "పోయిందండీ, నేను మాత్రం ఇక్కడే ఉన్నాను" అని, ఇల్లు మొత్తం వినబడేలా ఏడ్చాను. షాహీన్, మంజుల నాకు తోడయ్యారు. ఎవరేమనుకున్నా మాకు అక్కర్లేకపోయింది.

అత్తకు తెల్ల చీర కట్టి పెట్టెలో పడుకోబెట్టాక, గోడ మేకుకు వేలాడుతున్న బిరడా తెచ్చి ఆమె మెడలో వేసింది నేనే. పడవ ఒడ్డు మీదే ఉంది కదా, పద్ధతి ప్రకారం అది ఆమె మెడలో ఉండాలి. "ఈ రబ్బరు ముక్కేంటమ్మా, తీసెయ్" అని ఆ పెద్దావిడే మళ్లీ చెయ్యి చాపింది. మంజుల అడ్డం నిలబడింది. "తియ్యం ఆంటీ" అంది. తియ్యలేదు. అలాగే మూత వేశారు, అలాగే మట్టి వేశాం.

ఇక పడవ. మా నాన్నకు అత్త ఒక్కతే అక్క. నాన్నకు నీళ్లంటే భయం, చిన్నప్పటి నుంచీ. అక్క పడవ దింపుతుంటే గట్టు మీద నిలబడి చూడడమే తప్ప ఒక్కసారీ ఎక్కలేదు. ఆమె పోయాక వాకిట్లో ఆ పడవను చూడలేకపోయాడు. తెలిసిన ఫంక్షన్ హాలు ఆయన అడిగితే ఇచ్చేస్తానన్నాడు. వాళ్లు దాన్ని మధ్యకు కోసి, పూలు పేర్చి, పెళ్లికి వచ్చినవాళ్లు ఫోటోలు దిగడానికి గుమ్మంలో పెడతారట.

"కోస్తారా? అత్త పడవని?" అన్నాను.

"మరేం జెయ్యమంటవ్? అక్క లేకుంట మీరు దాన్ని నీళ్లల్ల దింపుతరా? ఒక్కరు మునిగినా నేనేం జవాబు జెప్పాలె?" అన్నాడు నాన్న.

"దింపుతం. ఈ ఆదివారమే. మంచిగ తిరిగొస్తే పడవ మాది. నువ్వొచ్చి చూడు."

"సరే. తేడా జరిగిందంటే మాత్రం సోమారం పొద్దున హాలోళ్ల లారీ వస్తది" అన్నాడు నాన్న.

ఆదివారం ఆరాధన అయింది. మంజుల జీపు నడిపింది. నాన్న ముందు సీట్లో చర్చి బట్టల్లోనే కూర్చున్నాడు, తెల్ల చొక్కా, ఇస్త్రీ పాంటు. రేవు దగ్గర అత్తను ఎరిగిన పాతకాపులు గట్టు మీద చేరారు. కొందరు మమ్మల్ని చూసి ఫోన్లు బయటకు తీశారు. నాన్న కంగారు అణుచుకోలేక బొగ్గుల మీద కాల్చిన మక్క కంకి ఒకటి కొనుక్కుని, ఉప్పు నిమ్మకాయ రాయించుకుని, పక్కకు పోయి నిలబడి తినడం మొదలుపెట్టాడు.

మంజుల వెనక్కి నడిపింది. చక్రాలు తడవకముందే ఆగింది. దిగాం. అత్త అడగాల్సిన మాట ఎవరు అడగాలో ముగ్గురికీ తెలియలేదు. షాహీన్ గొంతు సవరించుకుంది.

"ఏదీ?"

వేలు పెట్టడానికి వంగాను. వేలు కన్నంలోకి దూరిపోయింది.

ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. బిరడా ఎక్కడుందో ముగ్గురికీ ఒకేసారి గుర్తొచ్చింది. అత్త మెడలో ఉంది. అత్త మట్టిలో ఉంది.

"యా అల్లా" అని షాహీన్ వాలు మీద చతికిలబడింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. మంజులకూ అంటుకుంది. పడీ పడీ నవ్వుతున్నాం, కళ్లనిండా నీళ్లు. గట్టు మీదివాళ్లకు మాకు మతి పోయిందనిపించి ఉంటుంది. నాన్న కంకి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఏమైందే?"

చెప్పాను. నాన్న ముఖంలో రంగులు మారాయి. "ఇగ బంద్ చెయ్యుండ్రి. ఆదివారం రాణిగంజ్‌ల బిరడా దొరికే ఒక్క దుకాణం తెరిచి ఉండదు. ఇంటికి పోదాం" అన్నాడు. నేను ఆయన మాట వినడం లేదు. ఆయన చేతివంక చూస్తున్నాను. షాహీన్ కూడా అటే చూస్తోంది.

"అంకుల్, జెర జల్ది తినుండ్రి" అంది.

"ఏంది?"

"కంకి. గింజలు పోతే మిగిలే బెండు కావాలె మాకు."

నాన్నకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. అర్థమయ్యాక వద్దంటాడనుకున్నాను. ఆయన మా అందరి ముందు నిలబడి, ఆ కంకి మొత్తం తిన్నాడు. గింజ మిగలకుండా తిన్నాడు. జేబులోంచి రుమాలు తీసి, బెండు సన్నటి కొస చుట్టూ తానే బిగించి చుట్టాడు. ఇస్త్రీ పాంటుతో వాలు మీద మోకాళ్లూని, కన్నంలో పెట్టి, రాయితో మెల్లగా దిగ్గొట్టాడు. పట్టుకుని పీకేంత ఉంచి, మిగిలిన ముక్కను కంకుల బండి కత్తితో కోసేశాం. నాన్న దానిమీద వేలు పెట్టి అలాగే ఉంచాడు.

"చూడుండ్రి" అన్నాడు. మేం ఒక్కొక్కరే వంగి వేలు పెట్టాం.

పడవ తేలింది. గాలి ట్యాంక్‌బండ్ వైపు నుంచి కొట్టింది. అవతలి గట్టు దాకా పోయి, తిరిగి వచ్చాం. అడుగున తడి చేరింది, చీర కొంగు పిండితే కారేటన్ని నీళ్లు, అంతే. గట్టు మీద ఫోన్లు పట్టుకున్నవాళ్లకు చూపించడానికి ఏమీ దొరకలేదు.

బిరడాను పాతిపెట్టడం తెలివితక్కువ పని అని మీరు అనవచ్చు. నేను ఒప్పుకోను. పడవ ఒడ్డు మీద ఉన్నంతసేపూ అది మెడలోనే ఉండాలని చెప్పింది ఆమే. రేవులో ఆగి అడగమన్నదీ ఆమే. అడిగాం కాబట్టే అంతమంది ముందు మునగలేదు. ఆమె నేర్పిన రెండు ముక్కలనూ మేం తప్పలేదు, ఇక ముందూ తప్పం. కొత్త రబ్బరు బిరడా కొంటాం. ఒకటే కొంటాం.

పడవను ట్రైలరు మీదికి లాగి, బెండు పీకి, నీళ్లు వదిలేశాం. వాలు మీద సన్నటి ధార చెరువులోకి పోయింది. నాన్న ఆ బెండును నా చేతిలోంచి తీసుకున్నాడు. జీపులో దొరికిన నైలాను తాడు ముక్క కట్టి మెడలో వేసుకున్నాడు. లారీ ఊసు ఆయనా ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు.

ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర ఎర్ర లైటు పడింది. పక్కన ఆగిన ఆటో అతను పడవను చూశాడు, నాన్నను చూశాడు, తెల్ల చొక్కా మీద నీళ్లు కారుతున్న ఆ మక్క బెండును చూశాడు.

"గదేంది పెద్దాయనా, మెడల?"

నాన్న ముఖం సీరియస్‌గా పెట్టాడు.

"గిది లేకుంటే మునుగుతం" అన్నాడు.