ఐదో కర్ర పిడి

ఇరవై ఒకటో ఏట నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఆ రోజుల్లో నాకున్న ధైర్యంలో నాలుగోవంతు ఇప్పుడున్నా ఏదో ఒకటి సాధించేదాన్ని. బి.కాం. పాసై, చంద్రగిరిలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక పెద్దాయన దగ్గర టైపింగ్ పనికి కుదిరాను. ఆయన ఊటీ వైపు టీ తోటల్లో మేనేజరుగా చేసి, రిటైరయ్యాక సొంతూరికి వచ్చేశాడు. వీధిలో అందరూ ఆయన్ని దొర అనేవాళ్ళు (ఎదురుగా మాత్రం సార్). ఆయన తన జ్ఞాపకాలు చెబుతుంటే నేను కంప్యూటర్‌లో కొట్టాలి. అందులో టీ కంటే చేపలే ఎక్కువ.

ఆయన చేపలు పట్టే పద్ధతే వేరు. ఎర ఉండదు. ఈకలతో, దారంతో ఈగలాగా కట్టిన చిన్న గాలాన్ని పొడవాటి సన్నటి కర్రతో గాల్లో ముందుకూ వెనక్కూ ఊపి, నీటి మీద మెల్లగా వాలేట్టు వెయ్యాలి. చేప దాన్ని నిజం ఈగ అనుకుని నోట కరుచుకోవాలి. ఇంత చేసి, పట్టిన చేపను మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి. (ఈ సంగతి విన్న రోజు మా నాయన ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆగి, "అట్లయితే ఇంగ పట్టేది దేనికంట?" అన్నాడు.) అలాంటి కర్రలు ఆయన దగ్గర ఐదుండేవి. చేత్తో పట్టుకునే చోట, సీసా మూతలకు వాడే కార్కుతో చేసిన పిడి ఉంటుంది. ఏళ్ళ తరబడి చెమటా, చేపల జిగురూ పట్టి ఆ పిడులన్నీ నల్లబడిపోయాయి.

ఒక శనివారం ఆయన కంటి డాక్టరు కోసం తిరుపతికి బయల్దేరుతూ, "రేపు నా స్నేహితులు వస్తాండారు పాపా, పులికాట్‌కు పోవాల. ఆ పిడులు రోంత తుడిచిపెట్టు. గోరువెచ్చని నీళ్ళు, రెండు సుక్కలు సబ్బు, మెత్తటి గుడ్డ. అంతే. గట్టిగా రుద్దొద్దు" అన్నాడు. నేను ఎంతో బాధ్యతగా తలూపాను.

గుడ్డతో అరగంట తుడిస్తే నలుపు బూడిదరంగుకు వచ్చింది, అంతే. వంటింట్లోంచి చూస్తున్న వంటక్క జాలిపడింది. "గుడ్డతో యాడ పోతాదమ్మే? చింతపండు, ఇంత ఉప్పు, పీచు తీసుకో. మా దేవుడి సామాన్లు సూడు, ఎట్ల మెరస్తాయో!" నాకది మహా శాస్త్రీయంగా తోచింది. ఇనప పీచుతో తోమాను. నలుపు పోయింది, దానితోపాటు కార్కులో చిల్లులు పూడ్చిన పొడి కూడా రాలిపోయి పిడులన్నీ జల్లెడల్లా తయారయ్యాయి. అప్పటికైనా ఆగాల్సింది. ఆగితే నేనెందుకవుతాను? పక్కింటి వడ్రంగి మామనడిగి గరుకు కాగితం తెచ్చి, చిల్లులు కనబడనంతవరకూ అరగదీశాను. మధ్యాహ్నానికి ఐదు పిడులూ పొట్టు తీసిన శనక్కాయ పప్పుల్లా తెల్లగా, కొంచెం సన్నగా, వరసగా గోడకు ఆనించి ఉన్నాయి. వంటక్క నన్ను మెచ్చుకుంది. నేనూ నన్ను మెచ్చుకున్నాను.

సాయంత్రం ఆయన కళ్ళలో మందు వేయించుకుని, నల్లద్దాలతో, గోడ పట్టుకుని వచ్చాడు. చూపు మసగ్గా ఉందట. "ఏదీ, ఇట్టియ్యి" అంటూ ఒక్కో కర్రనూ చేత్తో తడిమాడు. నాలుగు కర్రలకూ ఏమీ అనలేదు. ఐదోది, కాస్త పొట్టిది, చేతిలోకి తీసుకుని బొటనవేలితో పిడి మీద వెతకసాగాడు. పైకి, కిందికి, మళ్ళీ పైకి.

"ఈడ ఒక గుంట ఉండాల కదా?"

"ఉండింది సార్. సరిచేసేసినాను" అన్నాను, గర్వంగా.

"అది మా ఆమె కర్ర పాపా. ఆమె బొటనేలు పెట్టి పెట్టి పడిన గుంట అది. పోయి నాలుగేండ్లాయ" అని, ఆ కర్రను పట్టుకునే లోపలికి వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

ఇంటికి వెళ్ళి అన్నం ముట్టలేదు. రాజీనామా పత్రం మూడుసార్లు రాశాను (రెండుసార్లు అక్షరదోషాల వల్ల). నాయన అది చదివి మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కాయితం ఎందుకు? మొకం సూపించి మాట్లాడు, పో."

పొద్దున్నే వెళ్ళి వరండాలో నిలబడి ఏడ్చాను. క్షమించమని అడగాలనుకున్న మాటలన్నీ ఎక్కిళ్ళలో పోయాయి. ఆయన ఆ పొట్టి కర్ర తెచ్చి నా చేతిలో పెట్టాడు. "గుంట నువ్వే చెరిపితివి, నువ్వే పడేట్టు చెయ్యి. దినామూ సాయంత్రం గంటసేపు పట్టుకుని గాలం ఎయ్యి. బొటనేలు ఈడ పెట్టు. కాదు, ఈడ." అప్పుడే ఆయన స్నేహితులు ఆటో దిగి, మిగతా పిడులు చూసి, "ఏమప్పా, కొత్తవి కొన్నావా?" అన్నారు. నేను వంటింట్లోకి పారిపోయాను.

ఆ శిక్ష రెండేళ్ళు నడిచింది. పెరట్లో నేను వేసిన గాలానికి దండెం మీది పంచెలు చిక్కాయి, మునక్కాయలు చిక్కాయి, ఒకసారి వంటక్క కొప్పు చిక్కింది. గుంట మాత్రం పడలేదు. అయితే నేను తప్పు వేసినప్పుడల్లా, "ఆమె అట్ల ఎయ్యదు" అంటూ ఆయన భార్య గురించి మాట్లాడ్డం మొదలుపెట్టాడు. అంతవరకు పుస్తకంలో ఆవిడ పేరైనా రాలేదు. తరువాత టైపు చేసిన వంద పేజీల్లోనూ ఆవిడే.

రెండో ఏడు నన్నూ పులికాట్‌కు తీసుకెళ్ళాడు. అప్పటికి ఆయనకు చూపు దాదాపు లేదు. మోకాలి లోతు నీళ్ళలో ఎండకు మాడుతూ, ఇక నా వల్ల కాదని అనుకుంటుండగా కర్ర కొస గజగజా వణికింది. లాగి చూస్తే మూడు వేళ్ళంత చేప. దాన్ని అరచేతిలో పట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తుంటే, పడవలో పోతున్న జాలరి నాకేదో కరిచిందనుకుని తెడ్డు ఆపాడు.

"ఎంతుండాది పాపా?" అని ఒడ్డు నుంచి అడిగాడాయన.

"మూరెడు సార్!"

"మూరెడు చేప పడితే దారం గుంజుకుని కర్ర పాడే పాట వేరే. నాకు ఇనబడ్లేదనుకున్నావా?" ఆయన నవ్వి నవ్వి దగ్గాడు. "సరేలే. మూరెడనే రాసుకో."

రాసుకున్నాను. ఆయన పోయాక అచ్చైన ఆ పుస్తకంలో, చివరి నుంచి మూడో పేజీలో, నేను పట్టిన చేప మూరెడే ఉంటుంది. అచ్చుకు ఇచ్చేముందు తప్పులన్నీ దిద్దింది నేనే. ఆ ఒక్క చోట మాత్రం, నీళ్ళలో నిలబడి ఏడుస్తూ అబద్ధమాడిన ఆ పిల్ల ముఖం గుర్తొచ్చి, నవ్వుకుంటూ పేజీ తిప్పేశాను.