లోపలి గడపలు

రంగుల విషయంలో నాకు కాస్త పొగరెక్కువ. చీరకు జాకెట్టు కలవాలి, జాకెట్టుకు గాజులు కలవాలి, చివరికి చేతిసంచి కూడా కలవాలి. అలాంటిదాన్ని తిరుపతిలో మా అత్తగారింట్లో నాలుగు రంగుల మధ్య పంతొమ్మిదేళ్ళు కాపురం చేశాను. హాలు గులాబి, వంటిల్లు పసుపు, మా గది నీలం, అత్త గది చిలకపచ్చ. కింద ఎర్ర గచ్చు. మామ బతికున్న రోజుల్లో ఒక్కో ఏడు ఒక్కో గదికి, అంగట్లో ఏ డబ్బా చవగ్గా దొరికితే అది తెచ్చి వేయించాడట. గూడూరు నుంచి మా అక్క వచ్చినప్పుడల్లా, "తిరునాళ్ళకు పోయే పనే లేదు మే మీకు, ఇంట్లోనే ఉండాది" అని నవ్వేది. నాకు తల కొట్టేసినట్టుండేది.

పోయిన వేసవి సెలవుల్లో ఇక పట్టు పట్టాను. ఫోనులో వీడియోలు చూసి చూసి ఒక సంగతి ఒంటబట్టించుకున్నాను: ఒక గదిలోంచి ఇంకో గదికి పోతుంటే కంటికి ఎక్కడా అడ్డం తగలకూడదు, ఇల్లంతా ఒకటే రంగు పారుతున్నట్టుండాలి. షేడు కార్డు సెలవులకు ముందే తెచ్చి నెలరోజులు భోజనాల బల్ల మీద పెట్టుకున్నాను. తెలుపులోనే ఆరు రకాలు. పొద్దున ఎండలో చూసి, సాయంత్రం లైటు కింద చూసి, చివరికి గంధం చుక్క కలిపినట్టుండే తెలుపు ఎంచుకున్నాను. గోడలకు అదే, తలుపులకు అదే, గచ్చు మీద పరిచే టైల్సు అదే, పరదాలు అదే. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆయనకు ఏ రంగైనా ఒకటే.

అడ్డం చెప్పింది అత్త ఒక్కతే.

"వంటింటికి ఆ పసుపు ఉండనీ మే. నా గదికి పచ్చ ఉండనీ. తక్కింది నీ ఇష్టం."

"రెండు గదులొక రకం, రెండు గదులొక రకమా అత్తా? అతుకుల బొంత మాదిరి ఉంటాది."

"మీ మామ వేయించినాడు" అని ఊరుకుంది.

పోయిన మనిషిని అడ్డం పెట్టుకుని మాట నెగ్గించుకోవాలని చూస్తోందని నాకు ఒళ్ళు మండింది. ఆ మంట మీద ఇంకాస్త పంతం పెరిగింది. రంగులేసే ఆయన చిత్తూరు మనిషి, ముప్పై ఏళ్ళుగా అదే పని. "ఇల్లంతా ఒకటే రంగా అమ్మా? ఆస్పత్రి మాదిరి ఉంటాది, బాగా సూసుకోండి" అన్నాడు. చెప్పింది చెయ్యమన్నాను.

మా ఇంట్లో వాకిలి గడపే కాక లోపల గదుల వాకిళ్ళకూ కొయ్య గడపలున్నాయి. ప్రతి శుక్రవారం అత్త వాటన్నిటినీ కడిగి, దట్టంగా పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టేది. నాకు తెలిసిన ఇళ్ళలో వాకిలి గడపకు పూస్తారు, చాలిస్తారు. లోపలివాటికి కూడా ఎందుకని ఒకసారి అడిగితే "లచ్చిమి తిరుగుతాది" అంది. ముసలితనానికి భక్తి ముదిరిందనుకున్నాను. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు వేలు లోపల పెట్టడం చూసి చాదస్తం అనుకున్నాను. బియ్యంలో రాళ్ళు నన్నే ఏరమన్నప్పుడు, పెత్తనం చేస్తోందనుకున్నాను. నేను బడిలో సైన్సు టీచరును. కన్ను బొమ్మ గీసి భాగాలు గుర్తించండని ఏటా పరీక్షలో ఇచ్చేదాన్ని నేనే.

గచ్చు మీదే టైల్సు పరిచేసరికి బెత్తెడు ఎత్తున్న లోపలి గడపలు రెండు వేళ్ళకు దిగిపోయాయి. వాటికీ ఆ తెలుపే వేయించాను. నేల, గడప, గోడ అన్నీ కలిసిపోయాయి. అచ్చం నేననుకున్నట్టే కుదిరింది. హాల్లో నిలబడి ఫొటో తీసి అక్కకు పంపాను.

మొదటి శుక్రవారం అత్త పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది. నేను అడ్డం నిలబడ్డాను.

"లోపల వద్దత్తా. టైల్సుకంతా పసుపు పట్టుకుంటాది. వాకిలి గడపకు పూసుకో, చాలు."

ఆమె ఆ గిన్నె పట్టుకుని వెనక్కి తిరిగింది. వాకిలి గడపకు పూసింది, అంతే.

ఆ తర్వాత ఆమె గోడకు చెయ్యి ఆనించి నడవడం మొదలుపెట్టింది. కొత్త రంగు మీద నడుమెత్తున బారుగా నూనె చేతి జాడ పడింది. రెండు రోజులు ఓర్చుకుని మూడో రోజు అనేశాను.

"గోడకంతా మరకలు పడతా ఉండాయి అత్తా. చెయ్యి తీసి నడవకూడదా?"

తీసింది. ఆ మాట నేను ఎంత మామూలుగా అన్నానో తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

నాలుగు రోజుల తర్వాత ఒక పొద్దున నేను పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నాను. వెనక దబ్బుమని చప్పుడయింది. అత్త వంటింటి గడప తగిలి లోపలికి బోర్లా పడింది. నేను లేపబోతే కేక పెట్టింది. తుంటి విరిగింది. అంత నొప్పిలోనూ ఆమె చెయ్యి నేల మీద తడుముతోంది.

"గడప యాడుండాది మే? గడప యాడ పెట్టినారు?"

ఆస్పత్రిలో ఎముకల డాక్టరు ఆమెతో రెండు మాటలు మాట్లాడి, నన్నొకసారి చూసి, కళ్ళ డాక్టరును పిలిపించాడు. ఆయన చాలాసేపు పరీక్ష చేశాడు. షుగరు కళ్ళను తినేసింది. కుడి కన్ను పోయింది. ఎడమ కంట్లో కొట్టొచ్చినట్టుండే రంగులు మాత్రం మసక మసగ్గా తెలుస్తాయి. ఎంత కాలంగా ఇట్లుందని నన్ను అడిగాడు.

"మూడేండ్లు" అంది అత్త.

డాక్టరు పోయాక అడిగాను. "మూడేండ్లా! ఇంట్లో ఎట్ల తిరిగినావత్తా?"

"పసుపు కనపడితే వంటిల్లు. పచ్చ కనపడితే నా గది. కింద గడప పసుపు కనపడితే కాలెత్తేదాన్ని. దానికి కండ్లెందుకు మే?"

"మాకు చెప్పొచ్చు కదా."

"చెప్తే పొయ్యికాడికి రానిస్తావా నువ్వు?"

రానిచ్చేదాన్ని కాదు. మూడేళ్ళు ఆ నాలుగు రంగులు పట్టుకుని ఆమె తన సంగటి తాను గెలుక్కుంది, తన బట్టలు తాను ఉతుక్కుంది, నాకు కాఫీ పెట్టిచ్చింది. అదంతా నేను నెల రోజుల్లో చెరిపేశాను, అదీ మెచ్చుకోళ్ళ కోసం.

తుంటికి ఆపరేషన్ చేశారు గానీ షుగరు వల్ల కుట్లు మానలేదు. ఇంటికి తెచ్చి ఆ తెల్లటి గదిలోనే పడుకోబెట్టాం. మంచం మీద రెండు నెలలు బతికింది. ఆ గదికైనా మళ్ళీ చిలకపచ్చ వేయించాలని వచ్చిన రోజే అనుకున్నాను. రంగులేసే ఆయన వేరే పనిలో ఉన్నానన్నాడు. తర్వాత ఆయన వస్తానంటే, రోగి ఉన్న గదిలో పెయింటు ఘాటు మంచిది కాదని మా ఆయన అన్నాడు. తర్వాత బడులు తెరిచారు. ఇన్ని సాకులు చెప్తున్నాను గానీ, ఆమెను రెండు రోజులు హాల్లోకి మార్చి ఉంటే పని అయిపోయేది.

ఒక మధ్యాహ్నం జావ తాగిస్తుంటే అడిగింది. ఇంటికొచ్చే నాటికే మబ్బు కమ్మిన ఎడమ కన్ను కూడా అప్పటికి పూర్తిగా పోయింది.

"ఇప్పుడు ఈ గోడకు ఏం రంగుండాది మే?"

నా నోట అబద్ధం వచ్చేసింది. "పచ్చే అత్తా. నీ చిలకపచ్చే. నువ్వు ఆస్పత్రిలో ఉండంగానే వేయించినాం."

ఆమె మెల్లగా చెయ్యి చాపి, మంచం పక్కనున్న గోడను అరచేత్తో తడిమింది. చాలాసేపు తడిమింది.

"మొన్న నేనొచ్చిన దినం గదిలో పెయింటు వాసనే రాలేదే" అంది.

నేను గిన్నెలో గరిటె తిప్పుతూ ఉండిపోయాను. ఆమెకు కోపం రాలేదు. వచ్చి ఉంటే బాగుండేది.

"సరేలే. గుడ్డ తెచ్చి ఆ గోడ తుడు మే, నా చెయ్యి పడింటాది" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.